తలూపిన సరుకు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక మర్యాద ఉంది. కొనేవాడు దిమ్మ అంచున ఒక పలుకు గిల్లి నోట్లో వేసుకుంటాడు. కాసేపు నాలిక మీద ఉంచి, వేళ్ళకంటినది నలిపి చూసి, నచ్చితే తలూపుతాడు. ఆ తల ఊగిందంటే బేరం అయిపోయినట్టే. తర్వాత గోదాములోకి వెళ్ళాక లోపల చెమ్మ ఉందని తేలినా, అడుగున నల్లబడి ఉన్నా నోరెత్తకూడదు. నోరెత్తినవాణ్ణి ఎవరూ తిట్టరు. నవ్వుతారు. "ఏటి బావా, నాలిక ఇంటికాడ మర్చిపోయి వచ్చేవా?" అని ఒకడు అంటాడు. ఆ మాట పాపం ఆ మనిషిని ఏడాది పొడుగునా వెంటాడుతుంది.

మర్యాదకేం, చాలా గొప్ప మర్యాద. మోసం చేసినవాడికి తప్ప ఇంకెవరికీ పనికిరాదు.

వెంకటరమణమూర్తి ఆ మార్కెట్లో ముప్పయ్యేళ్ళుగా వ్యాపారం చేస్తున్నాడు. ఒక్కసారి కూడా సరుకు బాగాలేదని గొడవకు దిగలేదు. మూర్తి తలూపాడంటే అది మంచి బెల్లమే అని పక్క షాపులవాళ్ళు కళ్ళు మూసుకుని కొనేవారు. ఇంట్లో పెళ్ళాం శ్యామలాదేవి వండిన కూరలో ఉప్పు ఎక్కువైతే మాత్రం వీధి చివరిదాకా వినిపించేలా అరిచేవాడు. బయట మర్యాదస్తులకు ఇంట్లో అంతమాత్రం వెసులుబాటు ఉండాలి కదా.

కారు కూడా ఆయన బెల్లం కొన్నట్టే కొన్నాడు.

అసలు కారు కావాలన్నది శ్యామలాదేవి. కూతురు సాయిశ్రీ విశాఖలో ఉద్యోగానికి రోజూ రైల్లో నిలబడి వెళ్ళి, నిలబడి వస్తోంది. ఇంట్లో ఎవరికీ డ్రైవింగ్ రాదు. యాభయ్యో పడి దగ్గరపడుతుంటే శ్యామలాదేవి తనే డ్రైవింగ్ స్కూల్లో చేరింది. వీధిలో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని నవ్వారు. నవ్వితే నవ్వారు, లైసెన్సు చేతికొచ్చాక వాళ్ళ నవ్వులు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. కొత్త కారు దండగ, సెకండ్ హ్యాండ్‌ది మంచిది చూద్దామని మూర్తి అన్నాడు. అదీ సబబే అనుకుంది.

బైపాస్ రోడ్డు మీద త్రినాధరావుది పాత కార్ల యార్డు. వచ్చిన ప్రతి మగవాడూ అతనికి బావే, కాబట్టి ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు అతనికి చెల్లెళ్ళు. వరసలు కలపడంలో అతన్ని మించినవాడు లేడు. ఎర్రరంగు కారొకటి చూపించి, "డాక్టరుగారి బండి బావా, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదు. వానలో కూడా తియ్యనియ్యలేదు ఆయన" అన్నాడు. లోపలంతా సంపెంగ వాసన కొట్టే సెంటు. మూర్తి చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద చేత్తో తట్టాడు. సీటు నొక్కి, వేళ్ళు వాసన చూసుకున్నాడు.

ఒక మెకానిక్కుకి చూపిద్దాం నాన్నా అని సాయిశ్రీ మెల్లగా అంది. మూర్తికి అది అవమానంగా తోచింది. ముప్పయ్యేళ్ళు సరుకు చూసినవాడికి సరుకు చూడ్డం ఇంకొకడు నేర్పాలా అని కసురుకున్నాడు. త్రినాధరావు కూడా అదే చెప్పాడు, మూర్తి బావ చూశాక ఇంకొకడు చూడ్డమేమిటని. మూర్తి తలూపాడు. ఆడవాళ్ళ పేరున ఉంటే కలిసొస్తుందని బండిని శ్యామలాదేవి పేర రాయించాడు. ఆ ఒక్కటీ మంచి పని చేశాడని తర్వాత తేలింది.

కారు రెండు వారాలు బాగానే తిరిగింది. కార్తీకంలో అల్పపీడనం పట్టి వాన వదలకుండా కురుస్తున్నప్పుడు, ఒక ఆదివారం తల్లీకూతుళ్ళు పాయకరావుపేటలో శ్యామలాదేవి చెల్లెలి ఇంటికి బయల్దేరారు. యలమంచిలి దాటాక హైవే మీద ముందు లైట్లు పోయాయి. వెనకే ఇంజన్ ఆగిపోయింది. పక్కకి తీద్దామంటే స్టీరింగు బిగుసుకుపోయింది. బండి సరిగ్గా నడిరోడ్డు మీద నిలబడింది. దిగిపోదామని సాయిశ్రీ తలుపు తోసింది. రాలేదు. లాకు దానంతటదే పడిపోయింది, గుంజినా పైకి రాదు. అద్దాల బటన్లు నొక్కితే టిక్కుమన్న చప్పుడు కూడా లేదు. వెనక నుంచి లారీలు హారన్ కొట్టుకుంటూ, చివరి క్షణంలో తప్పించుకుంటూ, నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి.

శ్యామలాదేవి రెండు చేతులతో అద్దం మీద కొట్టింది. గాజులు పగిలి చేతుల్లో గుచ్చుకున్నాయి గానీ అద్దం పగల్లేదు. సాయిశ్రీ ఏడవలేదు. అమ్మా, లోపలికి రా, మధ్యకి రా అంటూ తల్లిని అద్దం దగ్గర్నుంచి లాక్కుని పట్టుకుంది. ఆ పట్టు శ్యామలాదేవి భుజం మీద తర్వాత వారం రోజులు నీలంగా ఉండిపోయింది. చివరికి ఒక లారీ డ్రైవరు బండి ఆపి, ఇనుప రాడ్డు తెచ్చి వెనక అద్దం పగలగొట్టి, ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకర్ని లాగాడు. ఆయన పేరు కూడా అడగలేదని ఆవిడ ఇప్పటికీ బాధపడుతుంది.

యలమంచిలిలో మెకానిక్ షెడ్డుకి కారుని లాగించారు. మెకానిక్కు సీటు విప్పి, కింద పరిచిన మందపాటి గుడ్డ పైకెత్తాడు. దాని కింద ఎండిపోయిన ఒండ్రు, బీటలు వారి, గడ్డి పోచలతో సహా ఉంది. సంపెంగ సెంటు కింద దాక్కున్న వాసన అప్పుడు బయటపడింది. కుళ్ళిన నీటి వాసన.

"ఇది వరదలో మునిగిన బండమ్మా. పైన రంగేసి అమ్మేసేరు. లోపల వైర్లన్నీ కుళ్ళిపోయేయి. ఇయ్యాల ఒకటి బాగుచేత్తే రేపు ఇంకోటి పోద్ది" అన్నాడు.

శ్యామలాదేవి ఒక ఒండ్రు గడ్డ తీసి చేతిరుమాల్లో కట్టుకుంది. ఎందుకు కట్టుకుందో అప్పుడు ఆవిడకీ తెలీదు. కోపమొచ్చినప్పుడు చేతికి ఏదో ఒకటి పట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకుని యార్డుకి వెళ్ళింది. త్రినాధరావు కుర్చీలు వేయించాడు, టీలు తెప్పించాడు. జరిగిందంతా ఆవిడ చెబుతుంటే అతను మూర్తి వంకే చూస్తూ కూర్చున్నాడు, చెబుతున్నది ఆయనే అయినట్టు. అంతా విని, మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా కొన్నామని, తర్వాత ఏ అభ్యంతరమూ లేదని రాసి ఉందని చాలా మర్యాదగా గుర్తుచేశాడు. మునిగిన సంగతి ముందే ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగితే, తనకీ తెలీదన్నాడు. లోపల కొత్త గుడ్డ పరిపించినవాడికి గుడ్డ కింద ఏముందో తెలీదట.

"అయినా నీను అంటగట్టలేదు చెల్లెమ్మా. బావ సూసేడు, వాసన సూసేడు, తలూపేడు" అన్నాడు. తర్వాత మూర్తి వైపు వంగి గొంతు తగ్గించాడు. "బావా, ఒక మాట. మూర్తిని మోసం చేసేనని నీను సెప్పుకుంటే నాకు పేరొత్తాది. మోసపోయేనని నువ్వు సెప్పుకుంటే నీకేటొత్తాది?"

మూర్తి టీ గ్లాసు వంక చూశాడు.

"తడిసిన లాటు తగిలితే మార్కెట్లో ఏటి సేత్తారు మీరు? ఆరబెట్టి, మంచి సరుకులో కలిపి పంపించేయరా? దీన్నీ అలాగే ఆరబెట్టు. నీ పేరు సెప్తే ఎవుడైనా కొంటాడు" అని త్రినాధరావు లేచి నిలబడ్డాడు.

అప్పుడైనా మొగుడు నోరు తెరుస్తాడని శ్యామలాదేవి చూసింది. ఉప్పు ఎక్కువైనప్పుడు అరిచే గొంతులో నాలుగో వంతు చాలు. మూర్తి తాగిన టీకి థాంక్స్ చెప్పి బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం సాయిశ్రీ అన్నీ కనుక్కుని వచ్చింది. కాగితం మీద ఏం రాయించుకున్నా, లోపం తెలిసి దాచిపెట్టి అమ్మిన వ్యాపారిని ఆ రాత కాపాడదట. విశాఖలో వినియోగదారుల కమిషన్ ఉంది, వకీలు లేకపోయినా మనమే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, ఇంట్లో కూర్చుని ఫోన్లోంచే పంపొచ్చు. యలమంచిలి మెకానిక్కు రాసిస్తానన్నాడు. ఇక కావాల్సింది ఒకటే. డాక్టరుగారి బండి, వానలో కూడా తియ్యలేదు అని త్రినాధరావు చెప్పింది తాను విన్నానని నాన్న సాక్ష్యం చెప్పాలి. తను పక్కనే ఉన్నా, బేరం మాటలన్నీ జరిగింది ఆయనతోనే.

మూర్తి వినలేదు. పేపర్లో పడుతుంది అన్నాడు. కొన్న కారు ఎలాంటిదో తెలుసుకోలేనివాడు బెల్లం ఏం తెలుసుకుంటాడని నవ్వుతారన్నాడు. పోయింది పోయింది, వదిలేద్దాం అన్నాడు. నీ కూతురు చచ్చిపోబోయింది కదయ్యా అని శ్యామలాదేవి అంటే, పోలేదు కదా అన్నాడు. ఆ మాటకి ఆవిడ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టు కూడా లేదు.

తర్వాత కారుని ఎవరిచేతనో బాగుచేయించి, కొత్త అద్దం వేయించి, ఇంటి ముందు కవరు కప్పి ఉంచాడు. దాన్ని ఏం చేస్తారని అడిగితే ఏదో చేద్దాంలే అన్నాడు. సిగ్గుపడుతున్నాడు కాబోలు, మెల్లగా దారికొస్తాడు అనుకుంది శ్యామలాదేవి. పాతికేళ్ళు కాపురం చేసీ ఆ మనిషిని అంత మంచిగా ఊహించుకుందంటే ఆవిడనే అనాలి.

వారం తిరిగాక దిల్షాద్ బేగం వచ్చింది. ఆవిడ జాకెట్లు కుడుతుంది, మొగుడు జియావుద్దీన్‌కి మెయిన్ రోడ్డులో పరుపుల దుకాణం. శ్యామలాదేవి పెళ్ళయి ఈ వీధికొచ్చిన నాటి నుంచీ ఇద్దరికీ స్నేహం. చేతిలో గిన్నె, గిన్నెలో సేమ్యా, ముఖం నిండా నవ్వు. పండగేమీ లేదు కదా, ఏమిటీ తీపి అని శ్యామలాదేవి అడిగింది.

"మాకు పండగే అక్కా. మీ కారు మాకిత్తన్నారంట గదా. మెహ్రాజ్‌కి నెలలు నిండుతున్నాయి, ఏ రాత్రి ఏటవుద్దో అని బెంగ పెట్టుకున్నాం. వైజాగ్ ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే మన బండి మనకుంటే ధైర్యం" అంది దిల్షాద్. బండి ఒకసారి ఎవరికైనా చూపిద్దామని కొడుకు అతీక్ అన్నాడట. జియావుద్దీన్ వాణ్ణి కేకలేశాడట. మూర్తిగారు అమ్ముతున్నారంటే ఇంక చూసేదేముంది అని. రేపు మీ సంతకం ఒక్కటి అయిపోతే బండి మా ఇంటికొచ్చేస్తుంది అంది.

శ్యామలాదేవి గిన్నె అందుకోలేకపోయింది. దిల్షాద్ దాన్ని అరుగు మీద పెట్టింది. దిల్షాద్ కూతురు మెహ్రాజ్ శ్యామలాదేవి చేతుల్లో పెరిగిన పిల్ల. ఆ పిల్ల నిండు కడుపుతో ఆ వెనక సీట్లో, వానలో, హైవే మీద, పైకి రాని లాకుని గుంజుతూ ఉన్నట్టు ఆవిడకి కళ్ళకి కట్టింది. 

"ఆ బండి కొనకండి దిల్షాద్" అంది.

దిల్షాద్ నవ్వు ఆగలేదు, కొంచెం తగ్గింది. వేరే ఎవరైనా ఎక్కువిస్తామన్నారా అని అడిగింది. ఆవిడకి తట్టిన కారణం అదొక్కటే. శ్యామలాదేవి యలమంచిలి దగ్గర జరిగిందంతా చెప్పింది. గాజులు గుచ్చుకున్న మచ్చలు చూపించింది. ఆ రోజు బండి ఆగిపోయిందని మాత్రమే వీధిలో చెప్పుకున్నారు. తలుపులు తెరుచుకోలేదన్నది మూర్తి ఎవరికీ చెప్పనివ్వలేదు.

దిల్షాద్ ఆ మచ్చల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత ఒకే ఒక్కటి అడిగింది.

"మూర్తిగారికి తెలుసా అక్కా?"

అబద్ధం చెప్పొచ్చు. తెలీదు, పాపం ఆయనకీ ఇప్పుడే తెలిసింది అనొచ్చు. ఆడవాళ్ళు మొగుళ్ళ కోసం ఇలాంటివి రోజుకి నాలుగు చెబుతారు, ఆవిడా చెప్పింది ఇన్నాళ్ళూ.

"తెలుసు" అంది శ్యామలాదేవి.

దిల్షాద్ తలాడించి, కొంగు సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. సేమ్యా గిన్నె అరుగు మీదే ఉండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

శ్యామలాదేవి సాయిశ్రీకి ఫోన్ చేసి, ఆ ఫిర్యాదు ఇప్పుడే పంపెయ్యి, నా పేరు మీదే పంపు, బండి నాది, అంది. నాన్న సంగతేమిటని కూతురు అడిగితే, నాన్న సంగతి నేను చూసుకుంటానంది. బీరువా కింది అరలోంచి చేతిరుమాలు మూట తీసుకుంది. చెప్పులేసుకుని, వాన పడుతున్నా గొడుగు మర్చిపోయి, ఆటో ఎక్కి మార్కెట్ యార్డుకి పొమ్మంది.

వ్యాపారుల ఇళ్ళ ఆడవాళ్ళు మార్కెట్లోకి రారు. రాకూడదని ఎక్కడా రాసిలేదు, రారంతే. రేకుల షెడ్డు కింద దిమ్మలు వరసలుగా పేర్చి ఉన్నాయి. మూటలు మోసే కళాసీలు సరుకు తడవకుండా పరదాలు దించుతున్నారు. తన షాపు ముందు మూర్తి, చుట్టూ నలుగురైదుగురు వ్యాపారులు. మధ్యలో స్టీలు పళ్ళెం, అందులో ఆ రోజు సరుకులోంచి గిల్లిన బెల్లం పలుకులు. తడిసిన చీరతో ఆవిడ వస్తుంటే ఒక్కొక్కరే మాటలాపారు. ఇంట్లో ఎవరికేమయింది అని మూర్తి గాభరాగా లేచాడు.

ఆవిడ మూట విప్పి, ఒండ్రు గడ్డ తీసి, పళ్ళెంలో బెల్లం పలుకుల పక్కన పెట్టింది.

"రుచి చూడండి" అంది.

మూర్తి ముఖం పాలిపోయింది. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం పద అని చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంటికాడే మాట్లాడేను ఇన్నాళ్ళూ. నేను ఇంటికాడ మాట్లాడుతుంటే మీరు ఇక్కడ జియావుద్దీన్ భాయ్‌కి బేరం పెట్టేసేరు."

తర్వాత ఆవిడ వ్యాపారుల వైపు తిరిగింది. త్రినాధరావు దగ్గర కొన్న కారు సంగతి, హైవే సంగతి, తలుపుల సంగతి, ఇప్పుడు ఆ బండి ఏ కడుపుతో ఉన్న పిల్ల కోసం వెళ్ళబోతోందో, అన్నీ చెప్పింది. గొంతు పెంచలేదు. రేకుల మీద వాన చప్పుడుకి అందరూ దగ్గరికి జరిగి వినాల్సి వచ్చింది. మర్యాదకి భయపడి నోరుమూసుకోవడం ఒక ఎత్తు, ఆ మర్యాద కాపాడుకోడానికి ఇంకొకరి పిల్లని అందులో కూర్చోబెట్టడం ఇంకొక ఎత్తు అంది. త్రినాధరావుకీ మా ఆయనకీ ఇప్పుడు తేడా ఏమిటో మీలో ఎవరైనా చెప్పండి, వెళ్ళిపోతాను అంది. మళ్ళీ మొగుడి వైపు తిరిగింది.

"కేసు ఏసేను. సాచ్చికం మీరు చెప్పాలి. చెప్తారా, చెప్పరా? ఇక్కడే చెప్పండి."

మూర్తి పళ్ళెం వంక చూశాడు. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. ఒండ్రు గడ్డ అంచు గిల్లి రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పొడి రాలింది. ఆ వేళ్ళు వాసన చూసుకుని, కళ్ళు మూసుకున్నాడు. సంపెంగ సెంటు లేకుండా ఆయన దాన్ని వాసన చూడ్డం అదే మొదటిసారి.

"మోసపోయేను" అన్నాడు.

ఆ మాట కోసమే ఆయన భయపడ్డాడు, నవ్వుతారని. నవ్వు రాలేదు. ఆయన అందరి ముఖాలూ వెతికాడు. ఎవరికి ఏ లాటు బెడిసికొట్టినా ముందుగా నవ్వేది పక్క షాపు సాయిరామ్. నాలిక మర్చిపోయిన మాట ఈ మధ్య అందరికీ అంటగట్టేది అతనే. ఆ సాయిరామ్ పళ్ళెంలోకి కూడా చూడకుండా, తల దించుకుని ఫోను తిప్పుకుంటున్నాడు.

శ్యామలాదేవి చూసింది. మొన్న దసరాల్లో సాయిరామ్ కూడా త్రినాధరావు యార్డులోనే తెల్ల కారు కొన్నాడని గుర్తొచ్చింది. ఇంటింటికీ స్వీట్లు పంచారు కూడా.

"నీ తెల్ల కారు ఏదీ సాయిరామూ?"

"అమ్మేసేను అత్తా" అన్నాడు. నచ్చలేదు, మైలేజీ రావట్లేదు అని ఏదో చెప్పబోయాడు. ఎవరికి అమ్మావని ఆవిడ అడిగింది. మాకవరపాలెంలో ఒక టీచరమ్మకి, పావని అని, అన్నాడు. దాని గుడ్డ కింద కూడా ఒండ్రు ఉందా అని అడిగింది. సాయిరామ్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. షెడ్డు కింద ఉన్నవాళ్ళందరికీ సమాధానం తెలిసిపోయింది. ఇద్దరు వ్యాపారులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని చూపులు తిప్పేసుకున్నారు. వాళ్ళ సంగతి కూడా అదేనని ఆవిడకి అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది. త్రినాధరావు వ్యాపారం బైపాస్ రోడ్డు మీద లేదు. ఇదిగో, ఈ రేకుల షెడ్డు కింద, వీళ్ళ నోళ్ళలో ఉంది. వీళ్ళు నోరెత్తరన్న ధైర్యంతోనే అతను మునిగిన బళ్ళన్నీ ఏరుకొచ్చి వీళ్ళకే అమ్మాడు.

"ఫోన్ చెయ్యి" అంది.

సాయంత్రం చేస్తానన్నాడు సాయిరామ్. బయట వాన చూపించి, సాయంత్రం దాకా ఆ బండి ఇంట్లోనే ఉంటుందని నీకు తెలుసా అంది. సాయిరామ్ చేశాడు. వాన చప్పుడులో వినబడక స్పీకరు పెట్టాడు. చాలాసేపు మోగాక ఒక ఆడగొంతు ఎత్తింది. వెనక పిల్లల అల్లరి.

"చెప్పండి సాయిరామ్ గారూ. కార్లోనే ఉన్నామండి, నర్సీపట్నం నుంచి వత్తన్నాం. వాన బాగా కొడతంది, సరిగ్గా ఇనపడ్డం లేదు. ఇందాకట్నుంచి లైట్లు ఆరుతున్నాయి, ఎలుగుతున్నాయి. మీకెప్పుడైనా ఇలాగయ్యిందా?"

సాయిరామ్ స్పీకరు ఆపబోయి ఆగిపోయాడు. నలభయ్యేళ్ళ మగాడు ఫోను అరచేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీనట్టు నిలబడ్డాడు. హలో, హలో అంటోంది అవతల పావని.

మూర్తి ఆ ఫోను లాక్కున్నాడు.

"అమ్మా, బండి పక్కకి ఆపేయండి. ఇంజన్ ఆపకండి, ముందు తలుపులు తీసేయండి. తలుపులు తీసి పిల్లల్ని దింపండి" అన్నాడు. ఉప్పు ఎక్కువైనప్పుడు ఇంట్లో వినిపించే ఆ గొంతు మార్కెట్ మొత్తం వినిపించింది. వాన పడుతోంది కదండీ అని ఆవిడ ఏదో అనబోయింది. తడిస్తే తడుస్తారు, దింపమన్నాను, దింపండి అన్నాడు.

"మీరెవరండీ?" అంది పావని.

"మూర్తిని. బెల్లం మార్కెట్ మూర్తిని. అలాటి బండే కొని మోసపోయినోణ్ణి" అన్నాడు.

ఫోన్లో కాసేపు వాన తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు, వెనకే ఇంకొకటి. చెప్పులు, చెప్పులు అని ఒక పిల్ల అరవడం, నీళ్ళలో కాళ్ళు పడ్డ చప్పుడు. అప్పటిదాకా షెడ్డు కింద ఎవరూ కదల్లేదు. మూర్తి ఫోను సాయిరామ్‌కి తిరిగి ఇచ్చి, మిగతాది నువ్వు చెప్పు అన్నాడు. సాయిరామ్ పరదా చాటుకి వెళ్ళలేదు, అందరి ముందే చెప్పాడు, తనకు తెలిసే అమ్మానని.

మూర్తి భార్య వైపు తిరిగాడు. ఆవిడ ముఖంలో మెచ్చుకోలు ఏమైనా ఉందేమోనని చూసుకున్నాడు కాబోలు. లేదు. శ్యామలాదేవి ఒండ్రు గడ్డని మళ్ళీ రుమాల్లో కట్టుకుంటోంది, కమిషన్ ముందు పెట్టడానికి.

"పదండి. ముందు దిల్షాద్ ఇంటికెళ్దాం" అంది. "జియావుద్దీన్ భాయ్ ముందు నేను మాట్లాడను. మీరే చెప్పాలి."

మూర్తి గొడుగు తీసుకుని ఆవిడ వెనకే నడిచాడు.